ఐదు కాళ్ళ గుర్రం

పార్సిల్ వ్యాను వీధి మలుపు తిరిగి ఇరవై నిమిషాలైంది. కోడలు వెనక గదిలో బల్ల సర్దుతూ, అద్దాల బీరువాలో తిరిగి పెట్టాల్సిన నమూనా నాణేన్ని డబ్బీతో సహా చేతిలోకి తీసుకుంది. తీసుకోగానే చెయ్యి కొంచెం కిందికి దిగింది. నమూనా అంత బరువుండదు.

అది పాత నాణేలు అమ్మే దుకాణం. ముందు గదిలో అద్దాల బీరువా, రెండు కుర్చీలు. వెనక గదిలో ఇనప్పెట్టె, తూకం, ప్యాకింగ్ బల్ల. మావయ్య నలభై ఏళ్ళుగా నడుపుతున్న దుకాణం. మూడేళ్ళ కిందట ఆయన రెండు కళ్ళకీ చూపు మధ్యలో మసక కమ్మింది. పక్కనున్నవి కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది కనపడదు. "ఇన్నాళ్ళూ అందరూ నన్ను పక్కచూపుల వాడనేవాళ్ళు, ఇప్పుడు నిజమైంది" అని తన మీద తనే హాస్యమాడుకుంటాడు. పెళ్ళయి వచ్చిన కొత్తలో నాణెమంటే చిల్లర అని తప్ప ఇంకేమీ తెలియని కోడలు, ఈ మూడేళ్ళలో ఆయనకి కళ్ళయింది. ఉత్తరాలు ఆవిడే చదువుతుంది, ఫోటోలు ఆవిడే తీస్తుంది, విదేశాల్లోని కొనుగోలుదారులకి పార్సిళ్ళు ఆవిడే కడుతుంది. ఎక్కడ సంతకం పెట్టాలో ఆవిడ వేలు ఆన్చి చూపిస్తే ఆయన పెడతాడు.

ఆ పొద్దున పంపింది మామూలు నాణెం కాదు. ఏడంటే ఏడు నెలలు ఏలిన ఒక రాజు వేయించిన వెండి నాణెం. అచ్చు చెక్కినవాడి చెయ్యి జారి దాని మీది గుర్రానికి ఐదో కాలు మొలిచింది. తప్పు కనిపెట్టేసరికి కొన్ని వందలు కొట్టేశారు. దొరికినవన్నీ వెనక్కి తెప్పించి కరిగించారు. మిగిలినవాటిని వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. అందులో ఒకటి మావయ్య దగ్గర పాతికేళ్ళుంది. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని వాదించే మనిషి, తన గుర్రానికి మాత్రం ఐదున్నాయని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకునేవాడు. చూపు పోయాక ఒకరోజు, నేను చూడలేనిదాన్ని పెట్టెలో పెట్టి ఏం చేస్తాను, చూసేవాడి దగ్గరికి పంపుదాం అన్నాడు. సముద్రం అవతల ఒక కొనుగోలుదారుడు ఎన్నో ఏళ్ళుగా దాన్ని అడుగుతున్నాడు. ప్రతి నాణేన్నీ డబ్బీ విప్పి, భూతద్దం పెట్టి, అంచు చుట్టూ చూస్తేగానీ నమ్మడు. వీళ్ళింట్లో ఆయన పేరు భూతద్దం ఆయన.

అసలు గుర్రం ఇనప్పెట్టెలో ఉండేది. వచ్చేపోయేవాళ్ళు చూడటానికి మావయ్య తగరంతో నమూనా పోసి, వెండిపూత వేయించి అద్దాల బీరువాలో పెట్టాడు. ఆ దుకాణంలో ఒక కట్టుబాటుంది. నమూనా పోసిన రోజే దాని అంచు మీద ఆకురాయితో మూడు గీతలు గీయాలి. ఎవరి చేతికి వెళ్ళినా అది అసలుదిగా చలామణీ కాకూడదు. గీతలు గీయని నమూనా ఆ గడప దాటదు. అంతవరకు బాగానే ఉంది. కానీ గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి మూశాక రెండు ముఖాలు కనిపిస్తాయిగానీ అంచు కనపడదు. అదే కొంప ముంచింది.

పోస్టాఫీసు బీమా నాణేలకి వర్తించదు కాబట్టి ఇలాంటివాటికి వేరే బీమా కంపెనీ ఉంది. వాళ్ళకి ఫోటోలో వెండి రంగు ఉన్నదున్నట్టు రావాలి. దీపం కింద పసుపు కొడుతోందని, రంగు పోల్చి చూడటానికి కోడలు నమూనాని కూడా తెచ్చి నల్లగుడ్డ మీద రెండు డబ్బీలూ పక్కపక్కన పెట్టింది. ఫోటో కుదిరింది. ఆ క్షణంలోనే వ్యాను డ్రైవరు ఫోను చేసి, పది నిమిషాల్లో వస్తున్నా, ఇవాళ ఆగడం కుదరదన్నాడు. ఆవిడ చేతికందిన డబ్బీ తీసి, అట్టల మధ్య పెట్టి, దూది చుట్టి, చిన్న పెట్టెలోనూ దాన్ని పెద్ద పెట్టెలోనూ పెట్టి, అతుకులన్నిటికీ టేపు వేసింది. పైన దుకాణం పేరు లేదు. లోపల నాణెముందని చెప్పే కాగితం ఒక్క కస్టమ్స్ పత్రమే. మావయ్య అలవాటు ప్రకారం పెట్టెని చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూశాడు. ఎక్కడా చప్పుడు లేదు. పార్సిలంటే ఇలా ఉండాలి అని మెచ్చుకున్నాడు.

ఇప్పుడు కోడలు డబ్బీ మూతని గోటితో విప్పింది. నాణేన్ని దీపం కింద తిప్పింది. అంచు నున్నగా ఉంది. ఒక్క గీత కూడా లేదు. ఇంకోసారి తిప్పింది, గీతలు తనకి కనపడకుండా దాక్కున్నాయేమోనన్నట్టు. ఐదు కాళ్ళ గుర్రం ఆవిడ అరచేతిలో ఉంది. తగరం గుర్రం విమానం ఎక్కడానికి వెళ్తోంది.

పార్సిల్ ఆఫీసుకి ఫోను చేస్తే, బీమా చేసినవి అప్పుడే సీలు సంచిలోకి వెళ్ళిపోయాయన్నారు. వెనక్కి కావాలంటే పాలసీ ఎవరి పేరున ఉందో వాళ్ళు సంతకం చేసిన అర్జీ కావాలట. పాలసీ మావయ్య పేరున ఉంది. అంటే ఆయనకి చెప్పాలి. ముందు గదిలో ఆయన, పక్కషాపు కళ్ళజోళ్ళ వ్యాపారితో గుర్రం ప్రయాణం గురించి మురిసిపోతూ చెప్తున్నాడు. పెద్ద పార్సిల్ కట్టింది మా కోడలే, నేను వేలు కూడా పెట్టలేదు అంటున్నాడు. కోడలు తలుపు దాకా వెళ్ళింది. ఆయన ముఖం చూసి ఆగిపోయింది. సాయంత్రం చెప్దామనుకుంది. నాణేన్ని మళ్ళీ డబ్బీలో మూసి, ఖాళీ బొత్తాల డబ్బాలో వేసి, ప్యాకింగ్ బల్ల సొరుగులో టేపు చుట్టల అడుగున పెట్టింది.

సాయంత్రం అత్తయ్యకి తలనొప్పి. మర్నాడు ఎవరో కొనడానికొచ్చారు. ఆ మర్నాడు ఏ సాకూ దొరకలేదు, అయినా చెప్పలేదు. ఒక్కసారి ఆలస్యం చేస్తే, తర్వాత చెప్పాల్సినవి రెండవుతాయి: జరిగిన తప్పొకటి, దాచిన తప్పింకొకటి. రోజు గడిచేకొద్దీ రెండోదే బరువెక్కుతోంది.

ఆవిడకి అసలు భయం మావయ్య కోపం కాదు. ఆయన పేరు. ఇరవై రెండేళ్ళ కిందట ఈ దుకాణం నుంచి విదేశానికి వెళ్ళిన ఒక నాణెం నకిలీదని తేలింది. ఆయనే ఎవరి చేతిలోనో మోసపోయి తెలియక అమ్మాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఆ కొన్నవాడు పదిమందికి ఉత్తరాలు రాశాడు. ఆరేళ్ళపాటు బయటి దేశాల నుంచి ఒక్క బేరం రాలేదు. మూడు గీతల కట్టుబాటు ఆ తర్వాత పుట్టిందే. ఇప్పుడు భూతద్దం ఆయన డబ్బీ విప్పుతాడు, అంచు చూస్తాడు, మూడు గీతలూ పళ్ళికిలించి కనపడతాయి. నాణెం పోతే బీమా కంపెనీ ఇస్తుంది. పేరు పోతే ఏ కంపెనీ ఇవ్వదు.

పార్సిల్ చేరకముందే భూతద్దం ఆయనకి తనే రాసేద్దామని కూర్చుంది. నాలుగు వాక్యాలు రాసింది, మూడు కొట్టేసింది. మిగిలిన వాక్యం నమస్కారం. పార్సిల్ ఎక్కడుందో చూపించే పేజీని గంటకోసారి తెరిచేది. మొదటి రోజు విమానాశ్రయమంది. మూడో రోజు బయల్దేరిందంది. నాలుగో రోజు నుంచి ఆ పేజీ నోరు విప్పడం మానేసింది. ఐదు, ఆరు, ఏడు. వంట చేస్తూ చూసింది, బట్టలు ఆరేస్తూ చూసింది. ఫోను మోగితే పరిగెత్తుకెళ్ళి ఎత్తేది. అవతల ఎవరో పప్పుల కొట్టు నంబరనుకుని చేసేవాళ్ళు.

తొమ్మిదో రోజున పార్సిల్ ఆఫీసువాళ్ళు, ఏ ఊళ్ళో ఉందో మాకూ తెలియట్లేదు, వెతుకుతున్నామన్నారు. ఫోను పెట్టేశాక కోడలికి తనలో ఒక సంగతి తెలిసొచ్చి సిగ్గేసింది. ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. పార్సిల్ పోతే అంచు ఎవరూ చూడరు. పోనీ దేవుడా, ఆ ఒక్కటి పోనీ అని మనసు తనంతట తనే మొక్కుతోంది. ఇన్నేళ్ళుగా ఒక్క పార్సిల్ పోకూడదని వణికిన మనిషి ఆవిడే.

ఆ రాత్రి మొగుడితో ఒక్కడితోనే చెప్పుకుంది. అతను లిఫ్టులు బాగుచేసేవాడు. ఇరుక్కున్నవాళ్ళని బయటికి లాగడమే అతని పని. అంతా విని, చాలాసేపు ఆలోచించి తన దారి చెప్పాడు. "పోయిందిగా. బీమా వస్తుంది, నాన్న పేరు నిలబడుతుంది, గుర్రమూ మిగిలింది. నోరు మూసుకుని కూర్చో. ఇంతకంటే బాగా కావాలన్నా జరగదు."

మాట నిజమే. లెక్క సరిగ్గా సరిపోయింది. కానీ లెక్కలో మావయ్య లేడు.

పార్సిల్ జాడ లేదని తెలిసిన దగ్గర్నుంచి ఆయన మనిషి మనిషిలో లేడు. బీమా ఉందిగా అని అత్తయ్య ఓదారిస్తే, బీమా డబ్బిస్తుందిగానీ ఐదో కాలు ఇస్తుందా అన్నాడు. నాలుగు వందల ఏళ్ళు కరిగించేవాళ్ళ చేతికి చిక్కకుండా తప్పించుకున్న గుర్రాన్ని, నేను పోయి అట్టపెట్టెలో పెట్టి పోగొట్టాను అని తనలో తనే అనుకునేవాడు. మధ్యాహ్నాలు వెనక గదిలో, ప్యాకింగ్ బల్ల పక్కనే కూర్చునేవాడు. సొరుగు ఆయన మోకాలికి ఆని ఉండేది. ఒకరోజు కళ్ళు తుడుచుకుంటూ, పాతికేళ్ళున్నా దాన్ని సరిగ్గా చూసుకోలేదమ్మా అన్నాడు. కోడలు లేచి మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్తే ఆయన పేరు పోతుంది, చెప్పకపోతే ఆయనే పోయేటట్టున్నాడు.

పద్నాలుగో రోజున బీమా కంపెనీ నుంచి నష్టపరిహారం పత్రం వచ్చింది. నాలుగు పేజీలు. మావయ్య వెనక గదిలో బల్ల ముందు కుర్చీ వేయించుకుని, చదవమన్నాడు. కోడలు చదివింది. పార్సిల్ నంబరు, పంపిన తేదీ, బరువు, జతపరిచిన ఫోటోలు. ఫోటోలో ఉన్నది మాత్రం అసలు గుర్రమే. గొంతు మామూలుగానే పలికింది. మూడో పేజీ చివర ఒక వాక్యముంది. పైన వర్ణించిన వస్తువే ఈ పార్సిల్‌లో ఉంచబడిందని నేను నా స్వహస్తాలతో ధ్రువీకరిస్తున్నాను. దాని కింద సంతకం గీత.

మావయ్య కలం మూత తీశాడు. ఆవిడ వేలు ఆన్చే చోటు కోసం ఎడం చెయ్యి కాగితం మీద చాచి ఉంచాడు. ఇన్నాళ్ళూ ఆవిడ అబద్ధం చెప్పలేదు, నిజం చెప్పలేదు, అంతే. ఇప్పుడు వేలు ఆనిస్తే ఆయన చేత అబద్ధం రాయించినట్టు. కళ్ళు లేని మనిషి చేత.

"చదవడం ఆపావేం?" అన్నాడు మావయ్య.

"సంతకం పెట్టకండి మావయ్యా. పార్సిల్లో వెళ్ళింది గుర్రం కాదు. నమూనా. ఫోటో తీసేటప్పుడు నేనే మార్చేసుకున్నాను. అసలుది ఇక్కడే ఉంది."

సొరుగు లాగి, టేపు చుట్టలు పక్కకి తోసి, బొత్తాల డబ్బాలోంచి తీసి ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన డబ్బీ విప్పాడు. బొటనవేలి గోటిని అంచు మీద ఒక చుట్టు తిప్పాడు, మళ్ళీ ఒక చుట్టు. తర్వాత జానెడెత్తు నుంచి బల్ల మీద వదిలాడు. వెండి ఖంగుమంది. ఆ చప్పుడుకి ఆయన ముఖం మొత్తం వెలిగింది. ఆ సంతోషాన్ని కోడలు చూసింది, అది ఎంతసేపున్నదో కూడా చూసింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆ రోజే. వ్యాను వెళ్ళిన ఇరవై నిమిషాలకి."

"పద్నాలుగు రోజులు." మావయ్య నాణేన్ని పిడికిట్లో మూశాడు. "నేను దీనికోసం ఏడుస్తుంటే పక్కన కూర్చుని మంచినీళ్ళిచ్చావు."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. కోడలు ఏడ్చింది. మీ పేరు పోతుందని భయపడ్డానంది. ఆరేళ్ళు బేరాల్లేక కూర్చున్నారటగా, మళ్ళీ ఆ రోజులొస్తాయని భయపడ్డానంది. మావయ్య ఆవిడ ఏడుపు తగ్గేదాకా ఆగి, తలుపు దగ్గరగా వెయ్యమన్నాడు. అత్తయ్య వినకూడదన్నట్టు గొంతు తగ్గించాడు.

"అప్పుడు నేను తెలియక అమ్మాననేగా విన్నావు. అమ్మడం తెలియకే అమ్మాను. కానీ ఆ కొన్నాయన ఉత్తరం వచ్చిన రెండో రోజుకే అది నకిలీదని నాకు తెలిసిపోయింది. రెండు నెలలు వాదించాను. మీరే మార్చారు, దొంగ మీరే అని రాశాను. చివరికి ఒప్పుకున్నప్పుడు, మీకెప్పుడు తెలిసిందని ఒక్కమాట అడిగాడు. ఇవాళే తెలిసిందని రాశాను. ఆయన నమ్మలేదు. నా పేరు పోయింది నకిలీ నాణెం వల్ల కాదమ్మా, ఆ అబద్ధం వల్ల."

ఆ మాట ఈ ఇరవై రెండేళ్ళలో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆయన తేరుకుని, కాగితం తియ్యమన్నాడు. బీమా కంపెనీకి రెండు ముక్కలు చెప్పాడు: పార్సిల్‌లో ఉన్నది విలువ లేని నమూనా, మాకు పరిహారం అక్కర్లేదు. భూతద్దం ఆయనకి ఇంకొంచెం పెద్దది. పొరపాటున నమూనా పంపాం, దాని అంచు మీద మూడు గీతలుంటాయి, మీ గుర్రం మా దగ్గర క్షేమంగా ఉంది, మీరు ఊ అంటే మళ్ళీ పంపుతాం. పొరపాటు ఎవరిదో చెప్పే చోట మా కోడలు అని రాయద్దన్నాడు. మా దుకాణం అని రాయించాడు.

జవాబు గంటన్నరలో వచ్చింది. కోడలు పైకి చదివింది. పార్సిల్ నాకింకా చేరలేదు, మీరు రాయకపోతే నాకీ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు, సంతోషం అని రాశాడు. కింద ఒకే ఒక ప్రశ్న. ఈ పొరపాటు మీకు ఏ రోజు తెలిసింది?

ఇవాళే అని రాస్తే అక్కడితో అయిపోతుంది. అడిగేవాడు లేడు, పట్టుకునేవాడు లేడు. మావయ్యకి ఫోను తెర కనపడదు. ఆవిడ ఏం రాసినా, ఏం చదివి వినిపించినా ఆయనకి అదే.

"ఏం రాయమంటారు మావయ్యా?"

"నన్నడక్కు. నేను ఒకసారి రాశానుగా" అని ఆయన ముఖం పక్కకి తిప్పుకున్నాడు. అలా తిప్పుకుంటేనే ఆయనకి ఎదుటి మనిషి కనిపిస్తుంది.

కోడలు తేదీ రాసింది. పార్సిల్ వెళ్ళిన రోజు తేదీ. తెలిసీ పద్నాలుగు రోజులు చెప్పలేదని, చెప్పనిది తనేనని, మావయ్యకి ఇవాళే తెలిసిందని రాసింది. రాసినదంతా అక్షరం పొల్లుపోకుండా పైకి చదివింది. మావయ్య, పంపు అన్నాడు.

ఈసారి జవాబు గంటన్నరలో రాలేదు. ఆ పూట రాలేదు. మర్నాడు పొద్దుటి నుంచి ఇద్దరూ వెనక గదిలోనే కూర్చున్నారు. గుర్రం బల్ల మీద, డబ్బీలో, ఇద్దరి మధ్యా ఉంది. కళ్ళజోళ్ళ వ్యాపారి తొంగిచూసి, దొరికిందా అని ఆశ్చర్యపోతే, పోలేదని మావయ్య చెప్పాడు. అంతకంటే వివరం చెప్పలేదు. మధ్యాహ్నం దాటాక ఫోను మోగింది.

నాణెం వద్దని రాశాడు భూతద్దం ఆయన. పద్నాలుగు రోజులు దాచగలిగిన చోట కొనడానికి మనసు రావట్లేదు, మన్నించండి. పార్సిల్ దొరికితే నమూనా తిప్పి పంపుతాను. నా మిత్రులు అడిగితే జరిగింది చెప్తాను. మీరు రాసినంతే చెప్తాను, అంతకన్నా ఒక్కమాట ఎక్కువ చెప్పను.

ఇరవై రెండేళ్ళ కిందట పోయినదే మళ్ళీ పోయింది, ఈసారి తన వల్ల. కోడలు ఆ మాటే అంది. మావయ్య చివరి వాక్యాన్ని ఇంకోసారి చదివించుకున్నాడు. ఇంకోసారి కూడా చదివించుకున్నాడు. ముఖంలో ఆవిడ అనుకున్న దుఃఖం లేదు. ఏదో లెక్క చూసుకుంటున్నవాడిలా పెదాలు కదిపాడు.

"నిజమేగా చెప్తానన్నాడు. చెప్పనీ" అన్నాడు. కాసేపాగి, "నీకు పద్నాలుగు రోజులు పట్టింది. నాకు ఇరవై రెండేళ్ళయినా చాలలేదు."

కుర్చీని బల్ల దగ్గరికి లాక్కున్నాడు. ఇనప్పెట్టె పై అరలో పాత ఉత్తరాల కట్టలో, పచ్చ స్టాంపు ఉన్న కవరు వెతకమన్నాడు. దాని వెనక చిరునామా ఉంటుంది, ఆయన బతికి ఉన్నాడో లేదో, ఉంటే ఎనభై దాటి ఉంటాయి అన్నాడు. కోడలు కవరు తీసింది, చిరునామా పైకి చదివింది. ఆయన తలాడించాడు. ఆవిడ కొత్త కాగితం ముందు పెట్టుకుంది.

"అయ్యా, ఆ నాణెం నకిలీదని నాకు తెలిసింది మీకు రాసిన రోజున కాదు, అని మొదలుపెట్టు" అన్నాడు మావయ్య. "అసలు తేదీ నేను చెప్తాను, రాసుకో."